కత్తెరగారికి సన్మానం

మన దేశంలో ఇంకా సన్మానం జరగని శాల్తీ ఏదైనా మిగిలిందా అని చాలాకాలంగా వెతుకుతున్నాను. దొరికింది. మనిషి కాదు, పనిముట్టు. కత్తెర.

నవ్వకండి. పూలదండ, జ్ఞాపిక, ఫోటోగ్రాఫరు అన్నీ మాట్లాడుకున్నాకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా మేనల్లుడు తెచ్చిన ఒక చిన్న జిప్పు సంచితో ఇదంతా మొదలైంది. వాడు ఫిలిప్పీన్స్‌లో, దవావోలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఈ రోజుల్లో మన బంధువర్గంలో ఒక్కడైనా అక్కడ డాక్టరవుతూనే ఉంటాడు కాబట్టి ఇందులో విశేషం లేదు. సెలవులకు వస్తూ అందరికీ ఎండు మామిడి ముక్కలు తెచ్చి, నాకు మాత్రం ఆ సంచి ఇచ్చాడు. ఎరుపు, నలుపు, మధ్యలో గోధుమరంగు నార గీతలు. ముట్టుకుంటే బట్టలా లేదు, ఆకులా ఉంది.

"మామయ్యా, ఇది టినలాక్. కలలో డిజైన్ చూసి నేస్తారు."

పక్క గదిలోంచి మా అమ్మ, "ఏంట్రా, తినలేకా?" అంది.

ఆవిడకు చెవులు మందగించాయి గానీ శాస్త్రం మందగించలేదు. ఆ బట్ట నేసేది అబాకా నారతో. అబాకా అచ్చం అరటిచెట్టులా ఉంటుంది, ఆ కుటుంబమే. కాయ మాత్రం నిండా గింజలు, తినడానికి పనికిరాదు. తినలేక నార తీశారు! ఆ నారతో సముద్రాల మీద తిరిగే ఓడలకు తాళ్లు పేనారు, కాగితం చేశారు. మన ఆఫీసుల్లో ఫైళ్లను ఏళ్ల తరబడి మోసే గోధుమరంగు కవరును మనీలా కవరు అనడానికి ఆ కాగితమే కారణం.

"అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?" అని అమ్మ రెండో ప్రశ్న. ఉన్నారమ్మా, నీ మనవడికంటే ముందే వెళ్లారు. 1762లో ఇంగ్లీషువాళ్లు మద్రాసు నుంచి ఓడలెక్కి మనీలాను పట్టుకున్నప్పుడు వెంట సిపాయిలను తీసుకెళ్లారు. రెండేళ్లలో దొరలు సర్దుకుని వచ్చేశారు. సిపాయిల్లో కొందరు రాలేదు. మనీలా పక్కన కైంటాలో పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. వీసా గొడవల్లేని రోజులు.

సరే, సంచి దగ్గరికి వస్తాను.

టినలాక్ నేసేది టిబోలి తెగ ఆడవాళ్లు. మిండనావో దీవిలో, సౌత్ కొటబాటో ప్రావిన్సులో, లేక్ సెబు చుట్టుపక్కల కొండల్లో ఉంటారు. అబాకా బోదె నుంచి నార లాగి, సన్నదీ లావుదీ వేరుచేసి, పోగుకు పోగు చేత్తో ముడివేస్తారు. చట్రం మీద పరిచి, రంగు అంటకూడని చోటల్లా దారంతో బిగించి కడతారు. నలుపు కావాలంటే క్నాలుమ్ అనే చెట్టు ఆకుల్ని రోజుల తరబడి మరగబెట్టాలి. ఎరుపు లోకో అనే చెట్టు వేళ్ల నుంచి వస్తుంది. ఆ తర్వాతే మగ్గం, అదీ నడుముకు కట్టుకుని కూర్చునే మగ్గం. ఎండెక్కితే నార పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది, కాబట్టి తెల్లవారుజామునో పొద్దుగూకాకో నేయాలి. చివర్లో గవ్వతో రుద్దిరుద్ది మెరుపు తెస్తారు. ఒక్క బట్టకు నెలలు పడుతుంది.

మన పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికి కట్టేవాళ్లు, అంటే నూలుకు కట్లు కట్టి రంగులద్దేవాళ్లు, ఇది వింటే, "ఇందులో సగం మా పనే కదా" అంటారు. కట్లు కట్టడం వరకూ నిజమే. కాకపోతే మనవాళ్లు డిజైను గ్రాఫు కాగితం మీద గీసుకుంటారు. వాళ్లు నిద్రపోతారు.

అబాకాకు ఫూ దాలూ అని ఒక అధిదేవత ఉందనీ, ఆవిడ కలలోకి వచ్చి డిజైను చూపిస్తుందనీ టిబోలీల నమ్మకం. లాంగ్ దులాయ్ అనే ఆవిడ పన్నెండేళ్లకే తల్లి దగ్గర నేత నేర్చుకుని, మబ్బులూ సీతాకోకచిలుకలూ కలిపి వందదాకా డిజైన్లను తలలోనే దాచుకుంది. కాగితం మీద ఒక్కటీ లేదు. 1998లో దేశం ఆమెకు 'గవాద్ సా మన్‌లిలిఖా నాంగ్ బాయన్' ఇచ్చింది. జానపద కళాకారులను గౌరవించడానికి 1992లో ఏకంగా చట్టం చేసి పెట్టిన పురస్కారం అది. 2015లో ఆమె కన్నుమూసింది.

బాధ్యత గల పౌరుడిగా నాకు ఇక్కడ కొన్ని అభ్యంతరాలున్నాయి. కలకు ఎస్టిమేటు ఎవరు వేశారు? టెండరు పిలిచారా? దేవత ఆధార్ లింకయిందా? రేపు ఆడిట్‌వాళ్లొచ్చి, "ఈ మబ్బు ఎక్కడిది?" అంటే ఏ రిజిస్టరు చూపిస్తారు?

దేవత ఇచ్చిన బట్టకు నిబంధనలు కూడా ఎక్కువే. మగ్గాన్ని దాటకూడదు. నేసినన్నాళ్లూ భర్తకు దూరంగా ఉండాలి. అన్నిటికంటే కష్టమైంది, బట్టను కత్తిరించకూడదు. కత్తిరిస్తే జబ్బు చేస్తుందంటారు. పెళ్లిలో ఓలిగా ఇచ్చినా, కాన్పు సమయంలో తల్లికి కప్పినా, నిండు బట్టే. మా అమ్మకు చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పడుకున్న పిల్లల్ని దాటకూడదు, ఉత్తి కత్తెర ఆడిస్తే ఇంట్లో గొడవలొస్తాయి. నన్ను ఈ రెండు సెక్షన్ల కిందే పెంచింది.

ఇదిగో, ఇక్కడ కత్తెరగారు రంగంలోకి దిగారు.

నిజాయితీగా చెప్పండి, నిండు టినలాక్ ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకుంటాం? మన బతుకు కొలతలు మనకున్నాయి. లాప్‌టాప్ పద్నాలుగు అంగుళాలు. ఫోను ఆరున్నర. కళ్లజోడు పెట్టె ఇంకా చిన్నది. దేవతేమో గజాల లెక్కన కలలు చూపిస్తుంది. ఈ రెండింటికీ రాజీ కుదిర్చిన మహానుభావుడు కత్తెర కాక ఎవరు? నెలల నేతను నిమిషాల్లో ఇరవై సంచులు చేసి, ఎయిర్‌పోర్టులో కీచెయిన్ల పక్కన నిలబెట్టింది ఎవరు? ఆ సంచి అట్ట మీద 'పవిత్రమైన బట్ట' అని అచ్చువేసే అవకాశం కల్పించింది ఎవరు?

బట్ట అమ్మేటప్పుడు దైవాలకు కోపం రాకుండా ఇత్తడి ఉంగరం తగిలించే ఆచారం ఉందని నేను చదివాను. "ఉంగరం ఏదిరా?" అని అడిగాను. మేనల్లుడు జిప్పు చివర వేలాడే స్టీలు రింగు చూపించాడు. వైద్య విద్యార్థి. నివారణ చర్యలు తెలుసు.

కత్తెరగారి సేవలు అక్కడితో ఆగలేదు గానీ, అనాస బట్ట విషయంలో మాత్రం ఆయనకంటే ముందే ఒక పగిలిన పళ్లెం పేరు కొట్టేసింది. ఫిలిప్పీన్స్‌లోనే, అక్లాన్ ప్రావిన్సులోని కలీబోలో అనాస ఆకును పగిలిన పింగాణీ ముక్కతో గీకి మొదట ముతక నార తీస్తారు. తర్వాత కొబ్బరి చిప్పతో గీకితే వెంట్రుకలాంటి సన్న నార వస్తుంది. దాన్ని పోగుకు పోగు ముడివేసి, అవతలి మనిషి కనిపించేంత పల్చటి పీన్యా బట్ట నేస్తారు. లుంబాన్ ఊరి కుట్టుపనివాళ్లు దానిమీద పువ్వులు కుడితే, మగవాళ్లు ఇన్‌షర్టు చేయకుండా వేసుకునే బారోంగ్ చొక్కా తయారవుతుంది. 2023 డిసెంబరులో యునెస్కో ఈ నేతను వారసత్వ జాబితాలో చేర్చింది. మనింట్లో పళ్లెం పగిలితే తిట్లు తప్ప యునెస్కో రాదు.

2004లో అక్కడి ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగుల యూనిఫాం దేశీయ నారలు కలిసిన బట్టతోనే ఉండాలని. మన దగ్గరా సోమవారం చేనేత కట్టమని పిలుపులు విన్నాం. సోమవారం నాకు ఎప్పుడూ చొక్కా ఇస్త్రీ అయి ఉండదు, అది వేరే సంగతి.

ఇక సన్మానం ఏర్పాట్లు. ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం రోజునే పెట్టుకుందామని నా ప్రతిపాదన. కత్తెరగారికి ఆ రోజు ఎలాగూ పని ఉంటుంది. ఏ చేనేత ప్రదర్శన ప్రారంభానికైనా వెళ్లి చూడండి. పళ్లెంలో వెల్వెట్ గుడ్డ పరిచి, దానిమీద ఆయన్ను పడుకోబెట్టి ఊరేగింపుగా తెస్తారు. నేసినవాడు లోపల మూడో స్టాల్లో ప్లాస్టిక్ కుర్చీ వెతుక్కుంటూ ఉంటాడు. మంత్రిగారి చేతిలోకి ముందు చేరేది కత్తెరే.

తేలనిదల్లా శాలువా విషయం. 'మనీలా శాలువా' కప్పుదామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. స్పెయిన్‌లో నాట్యం చేసే ఆడవాళ్లు భుజాన వేసుకునే పెద్ద పట్టు శాలువా అది. తీరా చూస్తే దాన్ని కుట్టింది చైనాలో, కాంటన్ దగ్గర. 1565 నుంచి 1815 దాకా మనీలా రేవు నుంచి స్పెయిన్‌వాళ్ల ఓడలు పసిఫిక్ దాటి సరుకు మోసేవి. ఓడ ఎక్కిన ఊరి పేరు శాలువాకు అంటుకుంది. చైనా చేతులు, మనీలా పేరు, స్పెయిన్ భుజాలు. ఇంత అనుభవం ఉన్న శాలువా మన బడ్జెట్లో దొరకదు. చివరికి మా ఇంట్లో పాత సన్మానాల తాలూకు పాలిస్టర్ శాలువాలు పద్నాలుగున్నాయి, వాటిలో ఒకటి ఇస్తానని ఒప్పుకున్నాను. అందులో రెండు చేనేత వారోత్సవాల్లో కప్పినవే.

సన్మాన పత్రం చిత్తుప్రతి రాస్తుంటే, అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ సంచిని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఇదేంట్రా, ఈ బొమ్మ?"

"ఎగిరే పిట్ట అమ్మమ్మా. గ్మయావ్ అంటారు."

"మరి రెండో రెక్క ఏదీ?"

వాడు సంచి తీసుకుని, కుట్టు దగ్గర వేలితో తడిమి చూశాడు.

"ఇంకో సంచి మీద ఉంటుంది అమ్మమ్మా. షాపులో చాలా ఉన్నాయి. కావాలంటే ఈసారి వచ్చేటప్పుడు తెస్తాలే."