సవరణ: అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సీడింగ్

ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) మహిళల టోర్నమెంట్‌లో మ్యాచ్‌లన్నీ తటస్థ వేదికల్లోనే జరుగుతాయని, సీడ్ (జట్టు బలాన్ని బట్టి ముందే ఇచ్చే ర్యాంకు, 1 అన్నిటికన్నా మేలు) వల్ల తేలేది ప్రత్యర్థి ఎవరన్నదేనని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. తటస్థ వేదికల పద్ధతి పురుషుల టోర్నమెంట్‌ది.

ఎన్‌సీఏఏ ప్రకటించే నిబంధనలు, బ్రాకెట్ (ఎవరితో ఎవరు ఆడాలో చూపే పట్టిక) ప్రకారం మహిళల్లో 68 జట్లు ఉంటాయి. వాటిలో టాప్ 16 జట్లకు, అంటే నాలుగు రీజియన్లలోనూ (విభాగాల్లోనూ) 1 నుంచి 4 దాకా సీడ్లు వచ్చినవాటికి, మొదటి రెండు రౌండ్లు సాధారణంగా సొంత కోర్టులోనే. అందుకే 4వ సీడ్‌కీ 5వ సీడ్‌కీ మధ్య తేడా ఒక్క అంకె కాదు. ఇద్దరూ తొలి మ్యాచ్ గెలిస్తే, 5వ సీడ్ రెండో రౌండ్‌లో 4వ సీడ్ అభిమానుల హోరు మధ్యే ఆడాలి. జట్లనూ సీడ్లనూ ప్రకటించే సెలక్షన్ రోజున, మొత్తం ర్యాంకింగ్‌లో 16, 17 స్థానాల దగ్గరున్న జట్లకు అంత టెన్షన్ ఇందుకే!

అలాగని సొంత కోర్టు గెలుపు రాసివ్వదు. 1998లో రీజియన్‌లో అట్టడుగున ఉండే 16వ సీడ్ హార్వర్డ్, 1వ సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ల కోర్టులోనే 71-67తో ఓడించింది. 2023లో స్టాన్‌ఫర్డ్, ఇండియానా రెండూ 1వ సీడ్లుగా ఉండి, సొంతగడ్డపైనే రెండో రౌండ్‌లో వెనుదిరిగాయి.

ఇలాంటి సంచలనాల తర్వాత కూడా సీడ్లు మారవు. గెలిచిన జట్టు బ్రాకెట్‌లో ఓడిన జట్టు దారిలోనే ముందుకెళ్తుంది.