“మా ఇంట్లో కులం పట్టింపుల్లేవు” అనేవాళ్లకి

వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడని మిర్యాలగూడలో ప్రణయ్‌ని గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు, 2018 సెప్టెంబరులో. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో “తగిన శాస్తి జరిగింది” అని అందరూ దణ్ణాలు పెట్టేశారు. వారం తిరక్కుండా అదే గ్రూపులో ఒక బయోడేటా వచ్చింది. పేరు కింద లైన్లోనే కులం, శాఖ, గోత్రం. “మనవాళ్లే, అబ్బాయికి కెనడా పీఆర్ ఉంది.” దానికీ దణ్ణాలే.

కత్తి పట్టలేదు కాబట్టి మన చేతులు శుభ్రమనుకుంటాం. మన ఇళ్లల్లో కత్తితో పనేముంది? అమ్మ ఫోన్ చాలు. “నాన్న రాత్రి అన్నం తినలేదురా. బీపీ మాత్ర కూడా వేసుకోలేదు. నీ ఇష్టం, మేమేం అనం.” ఆ తర్వాత చెల్లి పెళ్లి మాట. మేనత్తతో మాట్లాడించడం. ఆఫీసులో పదిమందికి పని చెప్పే కుర్రాడు ఆ అన్నం కంచం దగ్గర ఓడిపోతాడు. అమ్మాయికైతే ఫోన్లతో ఆగరు, ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకెళ్తారు.

మేజర్లయిన ఇద్దరూ ఒప్పుకుంటే కుటుంబం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లోనే శక్తివాహిని కేసులో చెప్పింది. బాగుంది. మరి మతాలు వేరైన జంట 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి వెళ్తే? 30 రోజుల నోటీసు. పైగా హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టినా, శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసులోనూ కాపీ అతికించాలట! ఎవరి కంట పడకూడదని పారిపోయి వచ్చారో వాళ్ల ఊరికే కబురు పంపినట్టు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంత గొడవ దాకా రానివాళ్లు. కాలేజీలో పరిచయమైన మొదటి వారంలోనే మాటల మధ్య ఇంటిపేరు కనుక్కుంటారు. తేడా అనిపిస్తే “మనం ఫ్రెండ్స్‌గానే ఉందాం.” ఇంట్లో ఎవరూ అరవరు, ఎవరూ ఏడవరు. ఆ తల్లిదండ్రులే మన దగ్గర గొప్పగా చెబుతారు: “మావాడిది లవ్ మ్యారేజే అండీ, లక్కీగా అమ్మాయి మనవాళ్లే!”

2011-12 ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో కులాంతర పెళ్లిళ్లు 5 శాతం దగ్గరే ఉన్నాయి. అంత లక్కు ఎలా కలిసొచ్చిందో మీవాణ్నే అడగండి, చెప్తాడు.