తలకు మించిన భారం

నా తల చుట్టుకొలత 57 సెంటీమీటర్లు. యాభై రెండేళ్లపాటు ఈ సంగతి నాకు తెలియదు. తెలియకుండానే చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఇల్లు కట్టాను. పెళ్లినాడు తలపాగా చుట్టిన పెద్దమనిషి కూడా కొలవలేదు, కంటితో చూసి చుట్టేశాడు. అలాంటి తలను ఈ మధ్య మా ఆవిడ కుట్టుమిషను పక్కన ఉండే టేపుతో మూడుసార్లు కొలిపించుకున్నాను. రోజూ కాసేపు పాటలు వినడానికి ఒక పెద్ద హెడ్‌ఫోను కొందామని బుద్ధి పుట్టడమే ఇందుకు కారణం. చెవిలో దూర్చుకునే రకం కాదు, చెవి మీద ఆనించుకునే రకమూ కాదు. గిన్నె బోర్లించినట్టు చెవి మొత్తాన్ని కప్పేసే రకం. మూడు నెలలు పట్టిన ఆ పరిశోధన ఫలితాలను జాతి ప్రయోజనం దృష్ట్యా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం ఇది: తప్పు హెడ్‌ఫోనుది కాదు, తలది.

ఈ మాట నేను కల్పించింది కాదు. సమీక్షలు చదివితే ఎవరికైనా బోధపడుతుంది. సమీక్షకుడు వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు గురించి నాలుగు పేరాలు రాస్తాడు. తబలా ఎడమ పక్క ఎన్ని అడుగుల దూరాన కూర్చుందో రాస్తాడు. గాయని ఊపిరి తీసుకున్న చోటునూ వదలడు. చివరికి, పెట్టుకుంటే ఎలా ఉంటుందయ్యా అంటే, ‘సౌకర్యం మనిషిని బట్టి మారుతుంది’ అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకుంటాడు. అంటే హెడ్‌ఫోను సరిగ్గానే ఉంది, లోకంలో తలలే తలో రకంగా తగలడ్డాయి. బెంగళూరులో ఉండే మా మేనల్లుడిదీ ఇదే సిద్ధాంతం. ‘మామయ్యా, మెత్తగా ఉందా అని అడగకండి, నవ్వుతారు. ముందు ధ్వని చూడండి’ అని హెచ్చరించాడు. నవ్వుతారన్న భయంతోనే మొదట 300 ఓమ్‌ల రకం, అంటే విద్యుత్తుకు నిరోధం బాగా ఎక్కువుండేది, ఒకటి తెప్పించాను. ఫోనుకు తగిలిస్తే పాట పక్కింట్లోంచి వస్తున్నట్టు వినిపించింది. దానికి వేరే యాంప్లిఫయరు కావాలట. యాంప్లిఫయరుకు బల్ల, బల్లకు గది. అక్కడితో దాన్ని తిప్పి పంపాను.

చరిత్ర కూడా తలల పక్షాన లేదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి పంపాడు. నచ్చి మరిన్ని పంపమంటే, వంటింటి పని కాబట్టి ఒక విడతకు పది మాత్రమే ఇవ్వగలనన్నాడు. చర్చిలో జనం సందడి మధ్య ప్రసంగం వినపడక ఆయన ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. ప్రసంగం వినడానికి మొదలైన వస్తువును మనం ఇంట్లో ప్రసంగాలు వినపడకుండా వాడుతున్నామంటే అది మన ప్రతిభ. సరే, ఆ కాలంలో హెడ్‌ఫోను పెట్టుకున్నవాళ్లంతా డ్యూటీలో ఉన్నవాళ్లు. నొక్కుతోందని నావికుడు ఎవరితో చెప్పుకుంటాడు? 1958లో అమెరికాలోనే మిల్వాకీలో జాన్ కాస్ అనే ఆయన స్టీరియో సంగీతం వినడానికంటూ హెడ్‌ఫోను తెచ్చాడు. జనం జీతం కోసం కాక సరదా కోసం పెట్టుకోవడం మొదలుపెట్టారు. తలకు నోరొచ్చింది అప్పుడే.

ఇక పెట్టె మీద అంకెలు. మనిషి చెవి 20 హెర్ట్జ్, అంటే సెకనుకు 20 కంపనాల, నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. అదీ పసిచెవుల మాట. నా వయసువాళ్లకు సాధారణంగా ఆ పై అంచు చాలా కిందికి దిగిపోయి ఉంటుంది. నేను చూసిన పెట్టె మీద మాత్రం 40,000 అని బంగారు రంగులో అచ్చయి ఉంది. ఆ పై సగం ఎవరి కోసమని దుకాణంలో కుర్రవాణ్ణి అడిగితే, ‘అది క్వాలిటీ సార్’ అన్నాడు. మా వీధి రావిచెట్టు మీద గబ్బిలాలున్నాయి, వాటి కోసం అయి ఉంటుంది. గబ్బిలాలకు ఇంత శ్రద్ధ చూపిన ఆ పెట్టె, లోపలి గిన్నె చెవి పట్టేంత ఉందా అన్నది మాత్రం చెప్పలేదు. చెవులను ఎంత బలంగా నొక్కిపడుతుందన్నదీ చెప్పలేదు.

చెవి పట్టడమన్నది చిన్న విషయం కాదు. 1995లో అచ్చయిన ఒక పరిశోధన కోసం ఇంగ్లండులో నలుగురు వైద్యులు తమ దగ్గరికొచ్చే రోగుల్లో రెండు వందల పైచిలుకు మంది చెవులు కొలిచారు. సగటు పొడవు 67.5 మిల్లీమీటర్లు. వయసుతో పాటు చెవి ఏడాదికి 0.22 మిల్లీమీటరు చొప్పున సాగుతుందని లెక్క తేల్చారు. ముప్పై ఏళ్లకు ఆరున్నర మిల్లీమీటర్లు! జీతం పెరగని ఏళ్లలో కూడా చెవులు పెరిగాయన్నమాట. నేను కొనబోయిన వాటిలో ఒకదాని గిన్నె లోపల స్కేలు పెట్టి చూస్తే 55 మిల్లీమీటర్లుంది. మిగిలిన చెవిని ఎక్కడ పెట్టుకోవాలో వాడుక పుస్తకంలో పదకొండు భాషల్లో వెతికినా దొరకలేదు. మడిచి పెట్టుకున్నాను. పావుగంటకు చెవి అంచు అప్పడంలా వేగింది.

ఈ పావుగంట సంగతి దుకాణాలకు తెలుసు. అందుకే అక్కడ ఇరవై సెకన్లకు మించి పెట్టుకోనివ్వరు. కుర్రవాడు డప్పులు దద్దరిల్లే పాట ఒకటి పెట్టి, ‘బేస్ చూడండి సార్’ అంటూ, అంటే ఆ లోతైన డప్పు మోత చూడమంటూ, మన ముఖంలోకే చూస్తుంటాడు. ఇరవై సెకన్లపాటు ఏ హెడ్‌ఫోనైనా హాయిగానే ఉంటుంది, ఆ మాటకొస్తే రోకలైనా హాయిగానే ఉంటుంది. నలభై నిమిషాలు పెట్టుకుని కూర్చుంటానన్నాను. నా కళ్ళజోడు కాడలు ఆ గిన్నెల కింద ఎప్పుడు గుచ్చుకోవడం మొదలుపెడతాయో, ఆ కాడల సందులోంచి మీరు చూడమన్న బేస్ ఎంత కారిపోతుందో లెక్క కావాలన్నాను. కుర్రవాడు మేనేజరును పిలిచాడు. ఆయన స్టూలు వెయ్యమనలేదు. సీలు తీస్తే కొన్నట్టేనని మాత్రం మర్యాదగా చెప్పారు.

అలా కొన్నదే ఇప్పుడు నా తల మీద ఉన్నది. మొదటి వారం దాని పట్టు కొత్త అల్లుడి పంతంలా ఉండేది. వంద గంటలు మోగిస్తే హెడ్‌ఫోను పదును తేలుతుందని నమ్మేవాళ్లున్నారు. ఆ వంద గంటల్లో చెవుల చుట్టూ ఉండే దిండ్లు అణగడం, తల అలవాటు పడటం తప్ప ఇంకేదైనా జరిగిందేమో నాకు తెలియలేదు. ఇనుప పట్టీ ఉన్నవాటిని వెడల్పాటి వస్తువుకు తొడిగి రాత్రంతా ఉంచితే సాగుతాయని ఎవరో చెప్పారు. ఇంట్లో సరిగ్గా నా తలంత వెడల్పున్న వస్తువు తెలుగు నిఘంటువు ఒక్కటే. పదిహేనేళ్ల క్రితం కొన్నాను. అది అక్కరకు రావడం ఇదే మొదలు.

పట్టు బిగువుకు ఒక సుగుణం ఉందని ఒప్పుకోవాలి. పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా హెడ్‌ఫోను నన్ను రోజుకు 40 నిమిషాలు దాటనివ్వదు. ఇంతకంటే ఆరోగ్యకరమైన పరికరం ఉంటుందా?

మెత్తదనం విషయానికొస్తే, దీనికి ముందు వాడిన హెడ్‌ఫోను దిండ్లు తోలులా కనిపించే ఒక పొరతో ఉండేవి. బెజవాడ ఎండకు, చెమటకు, కొబ్బరినూనెకు ఆ పొర రెండో వేసవికే పగిలింది. నల్లటి రేకులుగా ఊడి చెవి వెనక, మెడ మీద, తెల్లచొక్కా కాలరు మీద అంటుకునేది. ఒకరోజు లిఫ్టులో పక్క ఫ్లాటు పెద్దావిడ నా చెవి వెనక అతుక్కున్న నల్లటి మచ్చను పరీక్షగా చూసి, ‘ఈ వయసులో నీకెవరు దిష్టి పెడతారు నాయనా’ అన్నారు.

మోత అణిచే యంత్రం ఉన్న రకాలు కూడా చూశాను. 1978లో అమర్ బోస్ అనే ఆచార్యుడు, తండ్రి మన బెంగాలు నుంచి వెళ్లినవారే, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోను ఇంజను మోతకు పనికిరాక, ఆ ప్రయాణంలోనే మోతను అణిచే ఉపాయానికి కాగితం మీద లెక్కలు వేశారు. ఒకే తీరున సాగే మోతను ఇప్పుడా ఉపాయం బాగా అణుస్తుంది. విమానం, ఏసీ, ఫ్యాను, ఏదైనా సరే. మా ఇంట్లో విమానం లేదు. ఉన్నది కుక్కరు విజిలు, మైకు పెట్టుకుని వచ్చే ఉల్లిపాయల ఆటో. ఈ రెండింటినీ పాటతో పాటు యథాతథంగా వినిపించింది. గ్యాసు సిలిండరు అబ్బాయి కొట్టిన తలుపును మాత్రం వినపడనివ్వలేదు.

వెనక మూత లేని రకాలు 1968 నుంచే ఉన్నాయి. జర్మనీ కంపెనీ సెన్‌హైజరు వారి హెచ్‌డి 414 అనేది, పసుప్పచ్చ స్పాంజీలతో. గాలి ఆడుతుంది, చెవి చల్లగా ఉంటుంది, సంగీతం విశాలంగా వినిపిస్తుంది. నేను వినేదంతా ఇల్లు ఇల్లంతా వింటుంది. సంగీతంలో నా అభిరుచి ఇంట్లో బయటపడటం ఇష్టం లేక ఆ దారి వదిలేశాను.

మిగిలింది బరువు. ఆపిల్ వారి మొదటి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ హెడ్‌ఫోను 384.8 గ్రాములు. పేరులో గాలి ఉంది గాని తూకంలో లేదు. నాదాని పెట్టె మీద బరువు రాయలేదు కాబట్టి వీధి చివరి కిరాణా కొట్టుకు పట్టుకెళ్లాను. యజమాని కందిపప్పు పొట్లం తీసి, త్రాసు పళ్లెం తుడిచి, హెడ్‌ఫోను పెట్టారు. 310 గ్రాములు.

‘కిలో ఎంతండీ?’ అన్నారు.

లెక్క కట్టాను. కొన్నది 12,400కు. కిలో నలభై వేలు.

‘కుంకుమపువ్వు కంటే చవకేనండీ’ అని, నా అనుమతి కోసం చూడకుండా తల మీద పెట్టుకున్నారు. ఫోనులో పాట పెట్టాను. ఆయన తియ్యలేదు. ఒకావిడకు చింతపండు తూచారు, ఒక పిల్లవాడికి అగ్గిపెట్టె ఇచ్చారు, చిల్లర సరిగ్గా లెక్కపెట్టారు. బేరమాడిన వారందరికీ తల అడ్డంగా ఊపారు. నేను బియ్యం బస్తా మీద కూర్చుని గడియారం చూస్తున్నాను. నలభై నిమిషాలు దాటాక తీశారు. రెండు చెవులూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. గిన్నెల్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు గోటితో తట్టి చూశారు.

‘పాట బాగుందండీ మాస్టారూ. చెవులే ఉడికాయి. ఇడ్లీ పాత్రకైనా ఆవిరి పోవడానికి ఒక చిల్లుంటుంది కదా, దీనికి పెట్టడం మర్చిపోయినట్టున్నారు’ అన్నారు.

త్రాసు తుడిచిన గుడ్డతోనే గిన్నెలు తుడిచి నా చేతికిచ్చి, కందిపప్పు ఎంత కట్టమంటారని అడిగారు.