సంక్రాంతి జారిన లెక్కలోనే మంచుయుగం

ఉత్తరాయణం నిజానికి డిసెంబరు 21నో 22నో మొదలవుతుంది. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14నో 15నో. ఒకప్పుడు రెండూ ఒకే రోజు. భూమి అక్షం బొంగరంలా ఊగుతూ దాదాపు 26 వేల ఏళ్లకో చుట్టు తిరుగుతోంది కాబట్టి, 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరిగింది. సూర్యుడికి భూమి దగ్గరయ్యేది ఏ కాలంలోనో కూడా ఈ ఊపే మారుస్తుంది కాబట్టి, మంచుయుగాల గుట్టుకు ఇది ఒక కొస. 41 వేల ఏళ్లకోసారి 22.1, 24.5 డిగ్రీల మధ్య మారే అక్షం వంపు, లక్ష ఏళ్ల లెక్కన సాగి ముడుచుకునే కక్ష్య మిగతా రెండు. సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ చెప్పిన ఈ మాట చాలామంది విన్నదే.

చలికాలం ముదిరితే మంచుయుగం వస్తుందనుకోవడమే పొరపాటు. కెనడా ఉత్తరాన చలికాలం మంచు ఎలాగూ పడుతుంది. అక్కడి ఎండాకాలం మెత్తబడాలి. నిరుటి మంచు కరక్కుండా మిగిలితే దాని మీద ఈ ఏటి మంచు పేరుకుంటుంది. ఆ తెలుపు ఎండను తిప్పికొడుతుంది, చలి ఇంకా పెరుగుతుంది. సముద్రం లాక్కోవడంతో గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) నుంచి 180 దాకా పడిపోతుంది.

మంచు పెరగడానికి 90 వేల ఏళ్లు, కరగడానికి 10 వేలే. ఎందుకని? కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కింది రాయి కుంగుతుంది. మంచు అంచు పల్లానికి, అంటే వెచ్చటి గాలిలోకి దిగుతుంది. అదే సమయానికి ఉత్తరార్ధగోళంలో ఎండ ముదిరిందా, ఇక ఆగదు. మంచు కరిగిన నీరు ఉత్తరానికి వేడిని మోసే అట్లాంటిక్ ప్రవాహాన్ని మందగింపజేస్తే, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రం వేడెక్కి దాచుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. కక్ష్య తలుపు తీస్తుందంతే, ఇల్లంతా వేడెక్కించేది ఈ వాయువే.

‘అంతా కక్ష్య మహిమైతే మనిషి తప్పేముంది?’ అని అడిగేవాళ్లున్నారు. వేలాది ఏళ్లలో ప్రకృతి పెంచింది సుమారు 80 నుంచి 100 పీపీఎం. మనం రెండు శతాబ్దాల పైచిలుకులోనే 140 దాటించాం. పైగా ఇప్పుడు సూర్యుడికి భూమి దగ్గరయ్యేది జనవరిలో, ఉత్తరార్ధగోళపు ఎండాకాలంలో కాదు. ఈ వేడిని కక్ష్య మీదికి నెట్టడం కుదరదు.

21 వేల ఏళ్ల కిందట, నీళ్లు నేల మీద మంచుగా పేరుకోవడంతో, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికుండేది. నెల్లూరు తీరాన మైపాడు ఉన్న చోటు అప్పుడు సముద్రానికి దూరంగా లోపలున్న నేల, పులికాట్ సరస్సు లేనేలేదు. తీరం ఇంతగా నడిచే చోట రొయ్యల చెరువు కట్ట ఎత్తును పోయిన తుపాను చూసి తేలుస్తున్నాం! సముద్రం పెరిగితే ఉప్పు ముందు తెలిసేది ఒడ్డున కాదు, బోర్లలో. సూళ్లూరుపేట నుంచి కొత్తపట్నం దాకా తీరం పక్క బోర్ల ఉప్పదనాన్ని ఏటా మే నెలలో, వానలకు ముందే కొలిచి పంచాయతీ గోడ మీద రాయించాలి.