మొహమాటం గారికి, కోవూరు నుంచి

గౌరవనీయులైన మొహమాటం గారికి,

ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి క్షేమ సమాచారాలు వదిలేస్తున్నా. మీ మీద మనవాళ్లకో మంచి సామెత ఉంది. నలుగురిలో చెప్పబోతే మీరే నా నోరు నొక్కేస్తారు, అందుకని ఇక్కడా రాయడం లేదు.

ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. నాకు పని లేదు గానీ మీకు ఒక్కపూట సెలవు లేదు. పల్లెటూరి నిరుద్యోగుల కోసం బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు, ఆర్‌సెటీలున్నాయి. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. బాబాయి నంబరు తెచ్చిస్తే ముందు కాగితం మీద "నమస్తే సార్, మాది కోవూరు" అని రాసుకున్నా. "సార్" కొట్టేసి "మేడమ్" అని, అదీ కొట్టేసి "అండీ" అని రాశా. ఈలోగా వాళ్ల భోజనాల టైమయిందన్నారు మీరు. సోమవారమేమో బిజీగా ఉంటారన్నారు. ఆ తర్వాత అసలు సంగతి తెలిసింది. శిక్షణ అయ్యాక కూడా రెండేళ్లు "ఏం చేస్తున్నావు, ఎలా సాగుతోంది" అని కనుక్కుంటూనే ఉంటారట. రెండేళ్లు! లోకం దాన్ని సాయం అంటుంది. మనిద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దిగులు మరీ ఎక్కువై ఒకసారి టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేశా. రాత్రీ పగలూ పలుకుతారు, పైసా ఖర్చు లేదు. అవతల ఆవిడ "చెప్పండి" అంది. "ఏం లేదండీ, మీరేదో పనిలో ఉన్నట్టున్నారు" అని పెట్టేశా. ఆవిడ పని నేనేనని తర్వాత వెలిగింది.

ఇంతలో రొట్టెల పండగ వచ్చింది. మంచినీళ్లు పంచడానికి మనుషులు కావాలని పక్కింటి మామ నెల్లూరికి లాక్కెళ్లాడు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, "ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుంది" అని నోరు తెరిచి అడగాలి. కోరిక తీరినవాళ్లు ఇస్తారు. మిమ్మల్ని వెంటేసుకుని దిగితే పెళ్లి రొట్టె అంటగట్టినా పుచ్చుకుని వచ్చేవాణ్ణి. గట్టు మీదే ఉండిపోయా.

చిత్రమేంటంటే, చేతిలో నీళ్ల ప్యాకెట్లుంటే "ఏం చేస్తుంటావు" అని ఒక్కరూ అడగలేదు. "అబ్బయా, ఒక ప్యాకెట్టియ్యి" అన్నారు, అంతే. మధ్యాహ్నానికి ఎవరో అరుస్తున్నారు: "ఆరోగ్యం రొట్టె ఆ పక్క! ఉద్యోగం రొట్టె ఇటేపు!" చూస్తే నేనే. అప్పుడు మీరెక్కడున్నారో మరి, బస్తా కింద నలిగుంటారు.

సాయంత్రం ఒక పెద్దామె తడి కుచ్చెళ్లు పిండుకుంటా వచ్చింది. "పొద్దుట్నుంచి అందరికీ దారి చెప్తా ఉండావే, నీకేం రొట్టె కావాల నాయనా?" మీరు ఠక్కున లేచారు. "ఏం వద్దులేమ్మా" అనిపించారు. ఆమె వినిపించుకోలేదు. "మావాడికి ఉద్యోగమొచ్చింది, పట్టు" అని సగం తుంచి చేతిలో పెట్టింది. అంచు కాస్త మాడింది. తిన్నా.

కోరిక తీరితే వచ్చే ఏడు నేనే చెరువులో దిగి పిలిచి మరీ రొట్టె ఇవ్వాలట. మీకూ నాకూ ఎంత అవస్థో చూడండి. రేపు పదిన్నరకి ఆ ఆర్‌సెటీ నంబరుకి చేస్తున్నా. కాగితంలో "అండీ" అనే ఉంచా. భోజనాల టైమని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ ఇంటివాడు