ఫ్యాన్ కండెన్సర్ గారికి ఓ ఇంజినీరు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ కండెన్సర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. ఒకటే ఉక్కపోత. అక్కడ తమరూ క్షేమంగా లేరని నిన్ననే తెలిసింది.

నేను ఈఈఈలో బీటెక్ చేశాను. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను ఎందుకు తిరగడం మొదలుపెట్టదో పరీక్షలో మూడు పేజీలు రాశాను. అందులోని అయస్కాంత క్షేత్రాన్ని ఎదురెదురుగా తిరిగే రెండు క్షేత్రాలుగా లెక్కవేయొచ్చు. ఆగి ఉన్న మోటారును రెండూ సమానంగా చెరోవైపు లాగుతాయి. తమరు రెండో వైండింగులో, అంటే రెండో తీగచుట్టలో, కరెంటును కాస్త ముందుకు జరిపితే తప్ప అది కదలదు. బొమ్మ కూడా స్కేలు పెట్టి గీశాను. ల్యాబులో ప్రయోగమూ చేశాం. అంటే సీనియర్ రికార్డు చూసి ముందు గ్రాఫు గీసి, తర్వాత దాని మీద చుక్కలు పెట్టాం.

అయితే ఆ మోటారే మా హాల్లో నా నెత్తిమీద వేలాడుతోందని నాకు ఎవరూ చెప్పలేదు.

నిన్న ఫ్యాను తిరగడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. "నువ్వు చదివింది కరెంటే కదరా, చూడు" అంది అమ్మ. స్విచ్ ఆపాను, వేశాను, మళ్లీ ఆపాను. నాలుగేళ్ల చదువు అక్కడితో అయిపోయింది.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి, స్విచ్ వేయించి, చీపురు కర్రతో రెక్కను ఓ తోపు తోశాడు. ఫ్యాను తిరిగింది. "కండెన్సర్ పోయింది" అన్నాడు. ఏ వైపు తోస్తే ఆ వైపే తిరుగుతుందని నేనూ రాశానండీ! కింద గీత కూడా కొట్టాను.

"పాత సైజు 2.5 మైక్రోఫారడే ఎందుకు తమ్ముడూ, 4 వేస్తా, గాలి బాగా కొడుతుంది" అన్నాడు. అప్పుడు నోరు తెరిచాను. "వద్దన్నా, ఆ వైండింగులో కరెంటు పెరిగి వేడెక్కుతుంది, కాలిపోవచ్చు." ఆయన స్టూలు మీదే ఆగిపోయాడు. "మొన్న రెండు ఫ్యాన్లు అట్లానే కాలాయి. కంపెనీ మాలు బాగాలేదని తిట్టుకున్నా" అని, 2.5 తీసి బిగించాడు.

అమ్మ ఆయనకు ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి, నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంది, 'కరెంటు ఇంజినీరు' అని. నా నంబరు ఇంకా 'చిన్నోడు' అనే ఉంది.

ఇట్లు,
తమ దయవల్ల గాలి పీల్చుకుంటున్న
చిన్నోడు