రీమ్యాప్ సంగతి తర్వాత, ముందు షాకప్‌లు మార్చండి

విజయనగరంలో సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కొన్న కుర్రాళ్లు మొదటి నెల్లో ఏం చేస్తారో చూస్తూనే ఉన్నాను. వైజాగ్ వెళ్లి ఇంజిన్‌కి స్టేజ్ వన్ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం, చేయించుకొస్తారు. సైలెన్సర్ మార్పిస్తారు. అలాయ్‌లకి నల్ల పెయింట్ కొట్టిస్తారు. చక్రాల వెనకాల ఏముందో మాత్రం ఒక్కడూ వంగి చూడడు. మన దేశంలో పోలో 2022లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే జీటీ ఏదైనా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చిందే. వాటిల్లో చాలావాటికి ఇంకా ఫ్యాక్టరీలో బిగించిన షాకప్‌లే ఉంటున్నాయి. 1.2 టీఎస్ఐ ఇంజిన్‌తో, 105 హార్స్‌పవర్‌తో బయటికొచ్చిన కారుకి పైన ఇంకో పాతిక ముప్పై ఎక్కించి, ఆ బలాన్ని రోడ్డు మీద పట్టి ఉంచాల్సిన వస్తువు చచ్చిపోతే అలాగే వదిలేస్తున్నారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

షాకప్ పోయిందంటే మనవాళ్ల లెక్క ఒక్కటే. కుదుపు ఎక్కువవుతుంది, నడుం నొప్పెడుతుంది, ఓర్చుకుంటే సరి. కాదు తమ్ముళ్లూ. గోతిలో పడ్డప్పుడు దెబ్బ తీసుకునేది స్ప్రింగు. ఆ దెబ్బకి స్ప్రింగు పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపడం షాకప్ పని. లోపల పిస్టన్ సన్నటి రంధ్రాల్లోంచి నూనెని తోస్తుంది, ఊగే శక్తంతా ఆ నూనెలో వేడిగా మారిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోయినా, లోపలి వాల్వులు అరిగిపోయినా ఇంక ఆ ఊపుని ఆపేది లేదు. కారు బాడీ సెకనుకి ఒకటో రెండోసార్లు ఊగుతుంది, అది మనకి తెలుస్తుంది. చక్రం మాత్రం సెకనుకి 10 నుంచి 15 సార్లు ఎగురుతుంది, సీట్లో కూర్చున్నవాడికి అది తెలీదు. నేలని సరిగ్గా తాకని టైరుకి బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. నాతవలస దగ్గర హైవే ఎక్కాక ఈ బండ్లు ఎంత మీద పోతాయో అందరికీ తెలిసిందే. అప్పుడు డివైడర్ సందులోంచి గేదె అడ్డొస్తే, చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టే ఏబీఎస్ ఏం చేస్తుంది? ఎగురుతున్న టైరు గాల్లో ఉన్నప్పుడల్లా బ్రేకు వదిలేస్తుంది. ఆగాల్సిన చోటు దాటి ముందుకి పోతాం.

ఇంకో సంగతి. ముందు చక్రాల దగ్గర ఉండేది ఉట్టి షాకప్ కాదు, షాకప్, స్ప్రింగు కలిసి ఒకటిగా ఉండే స్ట్రట్. 1950లో ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో జనంలోకి వచ్చిన మెక్‌ఫర్సన్ పద్ధతి ఇది, ఈరోజు రోడ్డు మీదున్న చిన్న కార్లలో చాలావరకు ఇదే. చక్రాన్ని పైవైపు నిలబెట్టేది ఆ స్ట్రటే, స్టీరింగు తిప్పినప్పుడు చక్రంతో పాటు తిరిగేదీ అదే. రాడ్డు లోపల వదులైతే మలుపులో చక్రం వాలు మారిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు "కారు ఎందుకో తేలిపోతోంది రా" అని నవ్వుకుంటూ చెప్పేవాళ్లున్నారు. అది నవ్వే విషయం కాదు.

సాలూరంటే గుర్తొచ్చింది. లారీల ఊరు కదా, అక్కడ లోడు ఎత్తే ముందు డ్రైవరు కమాన్ కట్టలకేసి ఓ చూపు వేస్తాడు, పట్టీ విరిగిందేమో, క్లాంపు జరిగిందేమో అని. లారీ కట్టల్లో పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే కొంత ఊపుని ఆపుతుంది. మన కారు చుట్ట స్ప్రింగుకి ఆ రాపిడి లేదు. షాకప్ పోతే దానికి వేరే దిక్కు లేదు. టన్నుల లోడు మోసేవాడికున్న జాగ్రత్త, లక్షలు పోసి సరదాగా కారు కొన్నవాడికి ఎందుకుండదు?

మా పిన్ని కొడుకు కారు మొన్నామధ్య షెడ్డుకి తీసుకెళ్లాం. మేస్త్రి బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి ఆగింది. "ఏటీ అవలేదు బాబూ, ఇంకో రెండేళ్లు నడుస్తాది. ఎందుకు డబ్బులు తగలేస్తారు?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ చేత్తో నొక్కితే తెలిసేది బాడీ ఊపు మాత్రమే, చక్రం ఎగరడం అందులో బయటపడదు. "ఓసారి టైరు మీద చెయ్యి పెట్టి చూడు మేస్త్రీ" అన్నాను. టైరు చుట్టూ అరచెయ్యి మెల్లగా జరిపితే ఎత్తు, పల్లం, మళ్లీ ఎత్తు, మళ్లీ పల్లం, వరసగా తగులుతాయి. చక్రం గెంతుతూ పరిగెత్తిందనడానికి అది గుర్తు. దీన్ని టైర్ల షాపువాళ్లు అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వాలు) తప్పు కింద కట్టేస్తారు. అలైన్‌మెంట్ తప్పితే టైరు ఒక అంచున అరుగుతుంది, ఇలా గుంటలు గుంటలుగా కాదు. మీ టైరు మీద ఈరోజే చెయ్యి పెట్టి చూడండి, చేతికి మట్టి అంటడం తప్ప ఖర్చేమీ లేదు.

విప్పాక పాత స్ట్రట్ రాడ్డుని కిందకి నొక్కితే అలాగే ఉండిపోయింది. గ్యాసు ఉన్నదైతే మెల్లగా తనంతట తానే పైకి రావాలి. దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు చిరిగి వేలాడుతోంది. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాప్ వేళ్ల మధ్య అప్పడంలా పొడైపోయింది. స్ట్రట్ పైకొసని బాడీకి పట్టి ఉంచే టాప్ మౌంట్ బేరింగ్ తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది. మేస్త్రి దాన్ని తుడిచి గ్రీజు పెట్టి మళ్లీ వేసేద్దామన్నాడు, వద్దన్నాను. అంతా విప్పాక పాత మౌంట్ ఎక్కిస్తే, అది పోయిన రోజు మళ్లీ మొత్తం కూలీ కట్టాలి. రెండోవైపు స్ట్రట్ ఇంకా కారలేదని ఒకటే మారుద్దామన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. ఎడమది గట్టిగా, కుడిది మెత్తగా ఉంటే గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండదు. షాకప్‌లు జతగానే మార్చాలి. పైన పల్చగా నూనె తడి ఉన్నంత మాత్రాన పోయినట్టు కాదని మాత్రం మేస్త్రి చెప్పింది నిజం. ధార కడితే పోయినట్టు.

బిగించే పని దగ్గరే నాకు అసలు భయం. స్ప్రింగుని తాడుతోనో గొలుసుతోనో కట్టి నట్టు విప్పేసే షెడ్లు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ స్ప్రింగు జారితే ఎదుటి మనిషి ముఖం మిగలదు. స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్, లేని చోట ఈ పని చేయించొద్దు, అది మీ కారు కోసం కాదు, ఆ కుర్రాడి ప్రాణం కోసం. పై నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరిగిపోతుందని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటారు. మెరిసే ఆ క్రోమ్ మీద చిన్న గీత పడినా చాలు, అది సీలుని కోసుకుంటూ పోతుంది, కొత్త షాకప్ నెలల్లో కారుతుంది. రాడ్డు తలలో అలెన్ కీ పెట్టే చోటు ఉంటుంది, దాంతోనే పట్టాలి. కొన్ని బోల్టులు సాగేలా బిగించే రకం, విప్పితే కొత్తవి వేయాల్సిందే. చక్రాన్ని కిందవైపు పట్టే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ బోల్టు వదులు చేసి ఉంటే చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిక పడి తొందరగా చిరుగుతుంది. అంతా అయ్యాక అలైన్‌మెంట్. ఇందులో ఏదీ పెద్ద విద్య కాదు, ఓపికా సరైన పానాలూ ఉంటే చాలు.

చౌక దారులు కూడా చెప్తారు. పాత షాకప్‌కి బెజ్జం పెట్టి, నూనె పోసి, వెల్డింగ్ చేసిచ్చే రీకండిషన్ ఒకటి. అందులో గ్యాసు షాకప్‌లో ఉండే నైట్రోజన్ పీడనం లేదు, వాల్వులు అరిగినవే. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం ఇంకొకటి. కారు ఎత్తుగా కనిపిస్తుంది, ఆ చుట్టు పని మాత్రం ఆగిపోతుంది. ఇటు పక్క, కారు కిందికి దించే పొట్టి స్ప్రింగులు కొనేవాళ్లున్నారు. పాత షాకప్ మీద అవి వేస్తే రాడ్డు ఎప్పుడూ బంప్ స్టాప్‌కి దగ్గరలోనే ఉంటుంది. మన రోడ్లకి కంపెనీ గట్టితనం ఉన్న కొత్త షాకప్ చాలు.

రోడ్ల గురించి కూడా అనాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. నెల్లిమర్ల నుంచి రణస్థలం వైపు పోతూ ఊళ్ల దగ్గర ఉన్నవాటిని చూడండి, గోడ అడ్డంగా కట్టినట్టుంటాయి, మీద తెల్ల గీత కూడా ఉండదు. రాత్రిపూట ఒక్కటి గుద్దుకుంటే బంప్ స్టాప్ సగం ఆయుష్షు అక్కడే పోతుంది. మన పిల్లలు నడిచే ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు వద్దనను. కొలత ప్రకారం కట్టమంటున్నాను.

కొత్త జత వేశాక మా వాడు కారు తీసుకుని శ్రీకాకుళం దాటి నరసన్నపేట వెళ్లొచ్చాడు. మడపాం వంశధార వంతెన జాయింట్ల మీద ఇదివరకు స్టీరింగ్ చేతిలో వణికేది. ఇప్పుడు ఒక్క చప్పుడు, అంతే, ముందుకి. ఇంజిన్‌లో ఏమీ మార్చలేదు, అయినా "కారు కొత్తగా ఉంది అన్నయ్యా" అన్నాడు. రీమ్యాప్‌కి దాచుకున్న డబ్బులోంచే ఈ పని చేయించాడు. వెనక జత వచ్చే నెల వేస్తాడు.

జీటీ కొనడానికి వెళ్లేవాళ్లు అమ్మేవాడిని మొదట షాకప్‌ల బిల్లు అడగండి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు, మౌంట్లు కూడా మార్చారా, అలైన్‌మెంట్ రిపోర్టు ఉందా అని అడగండి. బిల్లు లేదంటే మారలేదనే లెక్కేసుకుని, నాలుగు షాకప్‌ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. తగ్గించకపోతే ఇంకో బండి చూసుకోండి.